బావగారి జట్టు

రగ్బీ సమాఖ్య అధ్యక్షుడు వృత్తిరీత్యా దంతవైద్యుడు. సమాఖ్యకు సొంత కార్యాలయం లేకపోవడం వల్ల, జాతీయ జట్టుకు సంబంధించిన నిర్ణయాలన్నీ ఆయన వైద్యశాలలోనే, రోగులు వెళ్ళిపోయిన తరువాత జరిగేవి. ఆ సోమవారం సాయంత్రం ఎంపిక కమిటీ సభ్యులిద్దరూ గోడ పక్కనున్న బల్లమీద సర్దుకున్నారు. మరొక ఆసనం లేనందున శిక్షకుడు రోగులు పడుకునే కుర్చీలోనే కూర్చోవలసివచ్చింది. ఆ కుర్చీలో నిటారుగా కూర్చోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఎంత ముందుకు జరిగినా నడుము వెనక్కి జారిపోతూనే ఉంది.

అధ్యక్షుడు కుళాయి కింద పరికరాలు కడుగుతూ మాట్లాడాడు.

"చూడండి, ఒక్క ఆట గెలవలేదు. ఆఖరి దాంట్లో ఒక్క పాయింటూ రాలేదు. జనం నవ్వడం కూడా మానేశారు. కుర్రాళ్ళని తీసుకుందాం. ఓడితే ఓడారు, కనీసం నేర్చుకుంటూ ఓడారంటారు."

దానికి అందరూ అంగీకరించారు. ముప్ఫై దాటిన ఆటగాళ్ళను ఒక్కొక్కరినీ తలుచుకోవడం, నిట్టూర్చడం, వదిలేయడం చకచకా సాగిపోయింది. చివరకు, జట్టంతా 'గోడ' అని పిలుచుకునే ఆటగాడు ఒక్కడూ మిగిలాడు.

"గోడని మాత్రం ఉంచుదాం," అన్నాడు అధ్యక్షుడు. "ముందు వరసలో ఒక్క పెద్ద తలకాయన్నా లేకపోతే స్క్రమ్ తోపులాటలో ఈ పిల్లల్ని పిండి చేసేస్తారు. ఇంకో ఏడాది లాగుతాడు."

సభ్యులు తల ఊపారు. ఆ మాటతో శిక్షకుడు తేలికపడవలసింది. కాని అతనికి గుర్తొచ్చింది అది కాదు. ఆఖరి ఓటమి మరునాడు ఒక పత్రిక ఆటల పుటలో వేసిన శీర్షిక గుర్తొచ్చింది: బావగారి జట్టు. గోడ అతని చెల్లెలి భర్త. ఆ రెండు మాటలనూ శిక్షకుడు పనిచేసే పాఠశాలలో తోటి ఉపాధ్యాయులెవరూ అతని ఎదుట పలకలేదు. పలకకుండా ఉండటానికి వారు పడిన అవస్థ మాత్రం అతనికి కనిపించింది.

"వద్దండి," అన్నాడు.

"ఎందుకు?"

"అందరి పెద్దవాళ్ళనీ పంపేసి నా చెల్లెలి మొగుణ్ణి ఒక్కణ్ణి ఉంచుకుంటే, బయట నేనేం సమాధానం చెప్పను? కుర్రాళ్ళలో ఆ పిట్ట అనేవాడున్నాడుగా. వాణ్ణి పెడదాం."

అధ్యక్షుడు కుళాయి కట్టేసి, తడిచేతులతోనే వచ్చి అతని భుజం తట్టాడు. "శభాష్. ఇలాంటి మనిషి కావాలయ్యా జట్టుకి."

ఆ చల్లని చేతి తడి చొక్కా మీద అచ్చు పడింది. ఆ ప్రశంస అతనికి తియ్యగానే ఉంది. ఆ తీపి వల్లనే తరువాతి మాట అంత సులభంగా వచ్చిందేమో.

"కాకపోతే శిబిరానికి అతన్ని పిలుద్దాం. పిట్టకి స్క్రమ్ నేర్పడానికి అతన్ని మించినవాడు లేడు."

"తీసేస్తున్నారని తెలిస్తే వచ్చి నేర్పుతాడా?"

"తెలియక్కర్లేదు. ఆదివారం జట్టు ప్రకటించేదాకా."

లేవబోతే కుర్చీ అతణ్ణి వదల్లేదు. అధ్యక్షుడు కాలితో మీట నొక్కితే గాని వీపు పైకి లేవలేదు.

*

గోడ అద్దాలు కోసి అమ్ముతాడు. అంత పెద్ద మనిషి అంత సున్నితమైన పనిలో ఉండటం చూసి కొత్తవారు ముచ్చటపడేవారు. మంగళవారం శిక్షకుడు దుకాణానికి వెళ్ళేసరికి అతడు కిటికీ అద్దాన్ని కంబళి పరచిన బల్లపై పడుకోబెట్టి, కొలబద్ద ఆనించి, కోతచక్రంతో ఒకే ఊపున గీత గీస్తున్నాడు. చక్రం సన్నగా కీచుమంది. తరువాత గీతను బల్ల అంచుకు తెచ్చి, రెండు అరచేతులతో మెల్లగా వంచాడు. అద్దం ఎక్కడ గీశాడో అక్కడే విడిపోయింది.

"రా బావా. మా ఆవిడ నిన్నటి నుంచి నీ ఫోన్ కోసం చూస్తోంది. నాకన్నా దానికే ఎక్కువ కంగారు."

లోపలి నుంచి చెల్లెలు వచ్చింది. చేతికి తోలు తొడుగు, కొంగు నడుముకు చెక్కి ఉంది. అద్దాల అంచులు అరగదీసే పని ఆమెది.

"కూర్చో అన్నయ్యా. ఇంతకీ ఏమన్నారు వాళ్ళు?"

శిక్షకుడు బల్లమీద ఉన్న కోతచక్రాన్ని చేతిలోకి తీసుకుని, పక్కనున్న ముక్కపై గోడ గీసిన గీత వెంటే మరోసారి లాగబోయాడు.

"ఆగు ఆగు," గోడ అతని మణికట్టు పట్టుకున్నాడు. "గీసిన గీత మీద మళ్ళీ గీయకూడదు. చక్రం పాడవుద్ది, అద్దమూ అడ్డదిడ్డంగా పగులుద్ది. ఇన్నేళ్ళు వస్తున్నావు, ఇదొక్కటి నేర్చుకోవు."

"కుర్రాళ్ళు కుర్రాళ్ళు అని ఒకటే గోల," అన్నాడు శిక్షకుడు, చక్రం కింద పెట్టి. "అధ్యక్షుడికి ఆ పిచ్చి పట్టింది. నేను ఎంత చెప్పినా వినేలా లేడు. అయినా ముందు వరసలో కుడి ప్రాప్ చోటు ఇంకా ఖాళీగానే ఉంది. శనివారం ఆటలో తేలుతుంది. ఈలోపు నువ్వు శిబిరానికి వచ్చి, ఆ పిట్టగాడికి కాస్త స్క్రమ్ చెప్పు. పెద్దమనసు చూపించావని వాళ్ళకీ అనిపిస్తుంది."

ఒక అబద్ధం చెబుదామని వచ్చి మూడు చెప్పినట్టు అతనికి అప్పుడే తెలిసింది.

"అయితే ఆశ ఉందన్నమాట," అంది చెల్లెలు.

"ఎందుకు లేదమ్మా."

గోడ పగలబడి నవ్వాడు. "నా పోటీదారుకి నేనే పాఠం చెప్పాలా? బాగుంది బావా నీ న్యాయం! సర్లే, చెబుతాను. ఆ పిల్లాడు మంచోడు. పొద్దున్నించి సాయంత్రం దాకా గింజలేరినట్టు తింటూనే ఉంటాడు గాని, మంచోడు."

"ఇంకొకటి," అన్నాడు శిక్షకుడు. "మైదానంలో బావా అని పిలవకు. కోచ్ అను. నలుగురూ ఉంటారు."

"అంటానులే," అన్నాడు గోడ, అద్దపు పొడిని కుంచెతో ఊడుస్తూ. "నోరు తిరగాలిగా."

దుకాణం మూసి శిబిరానికి వస్తే ఆ వారం పని ఆగుతుందని అతడూ అనలేదు, అడగవలసినవాడూ అడగలేదు. చెల్లెలే వెళ్ళి, పూర్తికాని అద్దాలను దుకాణం వెనక గోడకు ఏటవాలుగా ఆనించి, మీద గుడ్డ కప్పింది.

*

శిబిరం ఒక పాత వ్యాయామశాలలో జరిగింది. దుస్తులు మార్చుకునే గదిలో పొడవాటి చెక్కబల్ల, గోడలకు మేకులు, ఎప్పుడూ ఆరని నేల.

ముందు వరస ఆటగాళ్ళకు ఒక అలవాటు ఉంది. స్క్రమ్‌లో తలలు ఒరుసుకుని చెవులు చిట్లిపోకుండా నుదుటి నుంచి తల చుట్టూ టేపు కట్టుకుంటారు. ఎవరి చెవులు వారు కట్టుకోరు. ఒకరు బల్లమీద తల వంచి కూర్చుంటే మరొకరు నిలబడి కడతారు. ఆడే రోజుల్లో శిక్షకుడు ముందు వరస మధ్యలో హుకర్‌గా ఉండేవాడు. అతని కుడిచేయి ఎప్పుడూ గోడ భుజం మీదే ఉండేది. అప్పటి నుంచి గోడ చెవులు అతడే కట్టేవాడు. ఆట మానేసి శిక్షకుడయ్యాక కూడా ఆ పని మాత్రం మానలేదు.

బుధవారం ఉదయం గోడ అలవాటుగా వచ్చి అతని ముందు తల వంచాడు. నడినెత్తిన జుట్టు పలచబడింది. చెవులు రెండూ నమిలి ఉమ్మేసిన పిండిముద్దల్లా ఉన్నాయి. శిక్షకుడు టేపు పంటితో కొరికి, నుదుటి నుంచి తిప్పుతుంటే గోడ కళ్ళు మూసుకున్నాడు. క్షౌరశాలలో మనుషులు అలాగే కళ్ళు మూసుకుంటారు, కత్తి పట్టినవాడి మీద నమ్మకంతో.

"గట్టిగా ఉందా?"

"నీ చేతికి కొలత తెలుసు బావా."

"కోచ్."

"ఆఁ. కోచ్ బావా."

అవతల కుర్రవాళ్ళు కిసుక్కుమన్నారు.

స్క్రమ్ నేర్పే యంత్రాన్ని ఆటగాళ్ళు 'దున్న' అనేవారు. ఇనుప చట్రానికి ముందు మెత్తటి దిండ్లు, పైన ఇసుక బస్తాలు. గోడ మూడు రోజులు పిట్టను దాని ముందే నిలబెట్టాడు. స్క్రమ్ అంటే రెండు వైపుల నుంచీ ఎనిమిదిమంది చొప్పున వంగి, భుజాలు పెనవేసుకుని, తలలు ఎదుటివారి తలల మధ్య దూర్చి బంతి కోసం నెట్టుకోవడం. కుడి ప్రాప్ మెడకు రెండు పక్కలా ఎదుటివారి తలలు వచ్చి తగులుతాయి. జట్టంతటిలో అంతకంటె బరువైన చోటు లేదు. ఆ చోట మెడ వంగితే మనిషి ముడుచుకుపోతాడు, వెనకనున్న బరువంతా వచ్చి వెన్నెముక మీద పడుతుంది.

"గడ్డం పైకి అల్లుడూ. నేల చూడకు, నేలలో ఏం పాతిపెట్టావు? కనుబొమల్లోంచి చూడు. ఆఁ, అదీ. నడుము కన్నా తల కిందికి పోతే నువ్వు అయిపోయినట్టే."

"మావయ్యా, మెడ లాగుతోంది." చుట్టరికం ఏమీ లేకపోయినా పిట్టకు ఆ పిలుపు అలవాటైపోయింది.

"లాగకపోతే అనుమానించాలి. ఇంకోసారి."

గోడ అతని పక్కన మోకాళ్ళమీద కూర్చుని, ఒక అరచెయ్యి అతని మెడ వెనక, మరొకటి నడుము మీద పెట్టి, దున్నను నెట్టినప్పుడల్లా ఏ కండరం ముందు వదులవుతోందో వేళ్ళతో చూసుకునేవాడు. అద్దాన్ని వంచేముందు గీత తడిమినట్టే తడిమేవాడు. మధ్యాహ్న భోజనంలో తన పళ్ళెంలోని గుడ్లు తీసి పిట్టకు వేసేవాడు. ఆ పిల్లవాడు మొహమాటపడేవాడు, తినేవాడు.

శిక్షకుడు దూరం నుంచి చూస్తూ ఉండిపోయేవాడు. గోడ ఎంత శ్రద్ధగా నేర్పితే అతనికి అంత ఇబ్బందిగా ఉండేది. మనసు పెట్టకుండా నేర్పినా, పిల్లవాడిని కసిరినా, తనకు కొంత ఊరటగా ఉండేదని అనిపించి, అలా అనిపించినందుకు మళ్ళీ సిగ్గుపడ్డాడు.

శుక్రవారం సాయంత్రం గోడ చెమట తుడుచుకుంటూ అతని దగ్గరకు వచ్చాడు.

"బావా, ఒక మాట. పిల్లాడిది బలం ఉంది, బుద్ధి ఉంది. మెడ ఇంకా ముదరలేదు. మూడోసారి నెట్టేసరికి వదిలేస్తోంది. ఒక ఏడాది బెంచీ మీద కూర్చోబెట్టి తయారుచెయ్యి. ఇప్పుడే పెద్దవాళ్ళ మీదకి తోలకు. దెబ్బతింటాడు."

చుట్టూ ఎవరూ లేరు. అయినా ఆ 'బావా' శిక్షకుడి చెవిలో గుచ్చుకుంది. మెడ సంగతి నిజమని అతనికీ తెలుసు. మూడు రోజులుగా అతడూ చూస్తున్నాడు. నిజమని ఒప్పుకుంటే దంతవైద్యశాలలో తాను అన్నదంతా వెనక్కి తీసుకోవాలి.

"నీ చోటు కోసం చెబుతున్నావా, వాడి మెడ కోసం చెబుతున్నావా?"

గోడ తుడుచుకుంటున్న తువ్వాలు భుజం మీదే ఆగిపోయింది. తలకున్న టేపు అంచు గోటితో వెతికి, చర్రున లాగేశాడు. వెంట కొన్ని వెంట్రుకలు ఊడివచ్చాయి.

"రెండూ అనుకో," అని వెళ్ళిపోయాడు.

*

శనివారం నాటి ఆట శిబిరంలోనివాళ్ళే రెండు జట్లుగా విడిపోయి ఆడే పరీక్ష. పిట్టను తేల్చుకోవడానికి అతనికి ఎదురుగా గోడనే నిలపాలని అధ్యక్షుడు కోరాడు. మైదానం పక్కన కుర్చీలు వేశారు. ఆటగాళ్ళ కుటుంబాలు వచ్చాయి. చెల్లెలు కూడా దుకాణంలో వాడే తోలు తొడుగు చేతిసంచిలోంచి బయటికి కనిపిస్తుండగా, హడావిడిగా వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది.

మొదటి స్క్రమ్‌లు సమానంగా సాగాయి. పిట్ట గడ్డం పైకెత్తి, కనుబొమల్లోంచి చూస్తూ, నేర్పిందంతా నేర్పినట్టు చేశాడు. కుర్చీల్లో చప్పట్లు మోగాయి.

మూడవదానిలో అది జరిగింది. బంతి లోపలికి వచ్చింది. రెండు వైపులా పదహారుమంది ఒక్కసారి బిగుసుకున్నారు. శిక్షకుడు మైదానం అంచు గీత పక్కనే వంగి ఉన్నాడు కనుక స్పష్టంగా చూశాడు. పిట్ట కాలు జారింది. నడుము పైకి లేచింది. తల కిందికి, లోపలికి మడుచుకుపోతోంది. వెనకవారికి తెలియక వారు నెడుతూనే ఉన్నారు.

గోడకు ముందుకు తోసే దారి తెరుచుకుంది. ఆ ఒక్క అడుగు వేస్తే అతడు గెలిచినట్టే. చోటు కోసం పోటీ పడుతున్న మనిషి వేసే అడుగు అదే. అతడు వెయ్యలేదు. ఎడమచేత్తో పిట్ట పక్కటెముకల దగ్గర జెర్సీని పిడికిట్లో పట్టి పైకి ఎత్తాడు. తన మెడతో, భుజంతో, వచ్చిపడుతున్న బరువంతా ఆపుకుంటూ, మడమలు నేలను చీల్చుకుంటుండగా వెనక్కి ఒక అడుగు, మరొక అడుగు వేశాడు. పిల్లవాడి తలకు చోటు దొరికింది. కాళ్ళు నేలమీద ఆనాయి. అప్పుడు గోడ అతణ్ణి వదిలి, తాను మోకాళ్ళమీద కూలబడ్డాడు.

ఈల మోగింది. బంతి పిట్ట జట్టుకు దక్కింది. కుర్చీల్లోంచి కేకలు.

గడ్డిమీద రెండు పొడవాటి చాళ్ళు మిగిలాయి. అందరికీ కనిపించింది ఆ చాళ్ళే. అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు.

"చూశారా! గోడని నెట్టేశాడు! పిట్ట గోడని నెట్టేశాడయ్యా! మీ మాటే నిజమైంది. పెద్దాయన పని అయిపోయింది. ఏమంటారు?"

ఏమనాలో శిక్షకుడికి తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. సభ్యులిద్దరూ తన వైపే చూస్తున్నారు. వారి ముఖాల్లో గౌరవం ఉంది. పత్రికలో ఆ శీర్షిక వచ్చిన తరువాత ఎవరి ముఖంలోనూ అది అతనికి కనిపించలేదు.

"అవునండీ," అన్నాడు.

మోకాళ్ళమీద ఉన్న గోడ తల తిప్పి ఒక్క క్షణం చూశాడు. అంత దూరానికి వినబడి ఉంటుందా లేదా అన్నది శిక్షకుడికి తెలియలేదు.

*

ఆట తరువాత వ్యాయామశాల వరండాలో టీ ఇచ్చారు. అధ్యక్షుడు శిక్షకుణ్ణి పక్కన నిలబెట్టుకుని మంచి ఉత్సాహంలో ఉన్నాడు. తలకు టేపుతోనే వచ్చిన గోడ కప్పును రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటున్నాడు. మెడ ఒక పక్కకు తిప్పలేక మొత్తం ఒంటితోనే తిరుగుతున్నాడు. చెల్లెలు అతని పక్కన, బిస్కెట్టు పట్టుకుని తినకుండా నిలబడి ఉంది.

"అమ్మా," అన్నాడు అధ్యక్షుడు ఆమెతో, "మీ ఆయన చాలాకాలం మోశాడు. ఎవరూ కాదనరు. రేపు ఎలాగూ చెబుతారు, ఇంక దాపరికం ఎందుకు? నిజానికి మేమంతా ఇంకో ఏడాది ఉంచుదామనే అన్నాం. మీ అన్నయ్యే ఒప్పుకోలేదు. సొంత చెల్లెలి భర్త అయినా సరే, వద్దంటే వద్దన్నాడు. సోమవారం నాడే! ఇలాంటి నిజాయితీ ఎక్కడుందమ్మా ఈ రోజుల్లో? మీరు గర్వపడాలి."

ఆయన పొగుడుతున్నాననే అనుకున్నాడు. ఆయన తప్పు ఏమీ లేదు.

గోడ టీ మీద ఊదటం ఆపలేదు. చెల్లెలు బిస్కెట్టును జాగ్రత్తగా పళ్ళెంలో తిరిగి పెట్టింది. అన్నగారి ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా అతడు తట్టుకునేవాడు.

"నేనే అడక్కుండా ఉండాల్సింది అన్నయ్యా," అంది మెల్లగా. "అడిగి నీచేత అబద్ధం చెప్పించాను."

సంచి భుజానికి తగిలించుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. గోడ టీ పూర్తిగా తాగి, కప్పు బల్లమీద పెట్టి, అధ్యక్షుడికి నమస్కారం చేసి గదిలోకి వెళ్ళాడు.

శిక్షకుడు వెళ్ళేసరికి అతడు బల్లమీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుతున్నాడు. మెడ వంగక, కాలినే పైకి లాక్కుని తడుముకుంటూ విప్పుతున్నాడు. శిక్షకుడు వంగి సాయం చేయబోతే కాలు పక్కకు జరుపుకున్నాడు.

"బావా, నేను..."

"వాణ్ణి పట్టుకున్నాను. చూశావు కదా?"

"చూశాను."

"చూసి, అవునండీ అన్నావు."

కుళాయి ఎక్కడో బొట్లుబొట్లుగా కారుతోంది.

"తీసెయ్యడం తప్పు కాదు," అన్నాడు గోడ. "నా ముందు కూర్చుని, 'నీకు వయసైపోయింది, ఇక చాలు' అని ఉంటే నాలుగు తిట్టి, సాయంత్రానికి నీ ఇంటికే భోజనానికి వచ్చేవాణ్ణి. నువ్వేమో ఆ అధ్యక్షుడి మీద పెట్టావు. నిన్న పిల్లాడి మెడ గురించి చెబితే, చోటు కోసమా అన్నావు." ఒక బూటు ఊడివచ్చింది. దాన్ని తిరగేసి మట్టి దులిపాడు. "పేపరోడు రాసిన రెండు మాటలకి భయపడ్డావు. నేనూ చదివాను ఆ పేపరు. దాంట్లోనే అద్దాలు చుట్టి ఇచ్చాను."

"ఇప్పుడు ఏం చెయ్యమంటావు?"

"నన్నడుగుతావేంటి? వాడి మెడ సంగతి నీకు తెలుసు, నా సంగతీ నీకు తెలుసు. స్క్రమ్‌లో నా బరువు నువ్వెప్పుడన్నా మోశావా? నీ బరువే నేను మోశాను. ఇదొక్కటి నువ్వే మోసుకో."

*

ఆదివారం సాయంత్రం ఆటగాళ్ళందరినీ వ్యాయామశాలలో చాపల మీద కూర్చోబెట్టారు. అధ్యక్షుడు, సభ్యులు కుర్చీల్లో ఉన్నారు. ఒక విలేఖరి కూడా వచ్చాడు. శిక్షకుడు లేచి నిలబడి ఒక్కొక్క చోటూ చెప్పుకుంటూ వచ్చాడు. దాదాపు అన్నీ కొత్త ముఖాలే. పిలిచినప్పుడల్లా చాపల మీద ఒక చిన్న అలజడి, వీపు మీద చరుపు, అణచుకున్న నవ్వు. కుడి ప్రాప్ దగ్గరకు వచ్చి అతడు ఆగాడు.

"నిన్న స్క్రమ్‌లో జారినవాడు గోడ కాదు, పిట్ట. తల మడుచుకుపోతుంటే గోడ అతన్ని ఎత్తి పట్టుకుని తను వెనక్కి నడిచాడు. నేను పక్కనే ఉండి చూశాను. చూసి కూడా, అధ్యక్షులు అడిగితే కాదని చెప్పలేదు. అది నా తప్పు. పిట్టకి ఇంకో ఏడాది కావాలి. ఈ ఏడాది కుడివైపు గోడే ఆడతాడు. అతన్ని వద్దన్నది కూడా కమిటీ కాదు, నేనే. అతను నాకు బావ అవుతాడని వద్దన్నాను. ఆట చూసి కాదు."

విలేఖరి తల ఎత్తాడు. అధ్యక్షుడి ముఖం ఎర్రబడింది. అందరి ముందూ తన చూపు తప్పని తేలడం ఆయనకు నచ్చలేదు. పక్కనున్న సభ్యుడివైపు వంగి, అందరికీ వినబడేంత గొంతుతోనే అన్నాడు: "ఎంతైనా బావ బావే లెండి."

సరిగ్గా ఆ మాట వెనకే పిట్ట, మెడ తడుముకుంటూ, "హమ్మయ్య!" అన్నాడు.

మనసులో అనుకున్నది బయటికి వచ్చేసిందని గ్రహించి నాలుక కరుచుకున్నాడు. చాపల మీద అందరూ గొల్లుమన్నారు. గోడ కూడా నవ్వాడు. చేయి చాచి పిల్లవాడి తల మీద మొట్టాడు. ఆ నవ్వు ముఖాన ఉండగానే అతని చూపు శిక్షకుడి మీదికి వచ్చింది. నవ్వు పోలేదు గాని, శిక్షకుడి మీద నిలవకుండా పక్కకు జరిగిపోయింది.

ఇంటికి వచ్చి శిక్షకుడు చెల్లెలికి ఫోన్ చేశాడు. ఆమె తీసింది. "విన్నాను అన్నయ్యా," అంది. "మంచిది." తరువాత ఆమె ఏదైనా అంటుందేమోనని అతడు ఆగాడు. అవతల అద్దం అంచు రాయి మీద అరుగుతున్న చప్పుడు మాత్రమే వినిపించింది. పని ఆపకుండానే మాట్లాడుతోందన్నమాట.

*

సోమవారం ఉదయపు పత్రికలో పాత శీర్షికే మళ్ళీ వచ్చింది. ఈసారి దాని పక్కన ఒక ఆశ్చర్యార్థకం చేర్చారు. దారిలో దాన్ని చదివిన శిక్షకుడికి అనుకున్నంత బాధ కలగలేదు. మడిచి చెత్తబుట్టలో వేసి, మందుల దుకాణంలో కొత్త టేపు చుట్ట కొని, సాధనకు కాస్త ముందుగానే చేరుకున్నాడు. గోడ చెవులకు ఈసారి మెత్తటి దూది పెట్టి కట్టాలని, కడుతూ కడుతూ ఏదో ఒకటి చెప్పాలని, దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు.

దుస్తుల గదిలో గోడ అప్పటికే బల్లమీద తల వంచి కూర్చుని ఉన్నాడు. అతని ఎదుట పిట్ట నిలబడి ఉన్నాడు. పిల్లవాడికి ఆ పని చేతకావడం లేదు. టేపు మెలితిరిగి వేళ్ళకే అంటుకుపోతోంది. ఒక చెవి మడతపడింది.

"చెవి పీకేస్తావేంట్రా అల్లుడూ? కట్టమన్నాను, కోయమనలేదు."

"కదలకు మావయ్యా. అసలు నీ చెవి ఎక్కడ మొదలవుద్దో తెలియట్లేదు."

శిక్షకుడు తలుపు దగ్గరే నిలబడిపోయాడు. అలా కట్టకూడదు. నుదుటి నుంచి మొదలుపెట్టి, చెవి వెనక వేలు ఆనించి, తల చుట్టూ ఒకే లాగుతో తిప్పాలి. అతని చేతివేళ్ళు జేబులో ఆ కొలతను తమంతట తామే తీసుకున్నాయి.

పిట్ట ఖాళీ అయిన చుట్టను చూసి, చుట్టూ చూసి, అతన్ని గమనించాడు. "సార్, టేపు అయిపోయింది."

శిక్షకుడు ముందుకు వచ్చాడు. గోడ తల ఎత్తలేదు. పలచబడ్డ నడినెత్తి, సగం కట్టిన చెవులు, మూసిన కళ్ళు, అన్నీ ఎప్పటివే. శిక్షకుడు జేబులోంచి కొత్త చుట్ట తీశాడు. దాన్ని ఒక్క క్షణం చేతిలోనే ఉంచుకుని, పిల్లవాడికి అందించాడు.

"థాంక్సండీ," అన్నాడు గోడ, కళ్ళు తెరవకుండానే. "ఈ రోజు దున్న దగ్గరకి ముందు పిల్లల్ని పంపమంటారా, మమ్మల్ని రమ్మంటారా, కోచ్ గారూ?"